మీరు లేని పూట కూడా కొట్టు నడవాలంటే ఏం చేయాలి

"పొద్దున తొమ్మిదికి షట్టరు తీసినప్పటి నుంచి రాత్రి దించేదాకా నేనే ఉండాలి. ఒక్క పూట పెళ్లికి వెళ్తే అమ్మకం సగానికి పడిపోతుంది. పనివాళ్లున్నారు గానీ ప్రతిదానికీ నన్నే అడుగుతారు. వ్యాపారం ఐదేళ్లుగా ఉన్నచోటే ఉంది." చిన్న వ్యాపారులు మళ్లీ మళ్లీ చెప్పే బాధ ఇది. పనివాళ్లను మార్చాలా, ఇంకో ఇద్దర్ని పెట్టుకోవాలా, అప్పు తీసుకుని సరుకు పెంచాలా అని ఆ వెంటనే అడుగుతారు.

వాటికన్నా ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. రేటు మీ నోట్లో, అరువు లెక్క మీ బుర్రలో, డబ్బు పడిందన్న మెసేజీ మీ జేబులోని ఫోన్లో ఉన్నంతకాలం పదిమందిని పెట్టినా పదిమందీ మీ మొహమే చూస్తారు. మీరు ఎంత కష్టపడితే అంతగా అందరూ మీ మీదే ఆధారపడతారు. కాబట్టి మీ తలలో ఉన్న నిర్ణయాలను ఒక్కొక్కటిగా కాగితం మీదికి, అక్కడి నుంచి కౌంటరు మీదికి దించాలి. ఆ పని ఎలా చేయాలో వరసగా చూద్దాం.

ఉదాహరణకు ముగ్గురు పనివాళ్లున్న హార్డ్‌వేర్, పెయింట్ల కొట్టు అనుకుందాం. కిరాణా, బట్టలు, ఎరువులు, స్పేర్ పార్టులు ఏవి అమ్మినా పద్ధతి ఇదే, అంకెలు మారతాయి. మొత్తం పనికి సుమారు 12 వారాలు పడుతుంది. తొందరపడి అన్నీ ఒకే వారంలో మొదలుపెడితే నెల తిరక్కముందే పాత పద్ధతికి వచ్చేస్తారు.

కావలసినవి

- 200 పేజీల పొడుగు పుస్తకాలు మూడు (ప్రశ్నలకు, గల్లా లెక్కకు, అరువుకు)
- కొట్టు కోసమే ఒక ఫోను, ఒక సిమ్ము
- వ్యాపారం పేరు మీద కరెంటు ఖాతా, దానికి కలిపిన క్యూఆర్, డబ్బు పడగానే పలికే సౌండ్‌బాక్సు
- గల్లాలో చిల్లరకు 2,000 రూపాయలు
- ఎర్ర అట్టముక్కలు యాభై
- రోజూ రాత్రి షట్టరు దించాక అరగంట

బిల్లింగు సాఫ్ట్‌వేరు ఉంటే మంచిదే. లేకపోయినా ఈ పని ఆగదు. లెక్క పుస్తకంలోనే సరిగా లేనప్పుడు సాఫ్ట్‌వేరు కొంటే ఆ తప్పులే కంప్యూటర్లోకి ఎక్కుతాయి.

1. వారం రోజులు మిమ్మల్ని అడిగిన ప్రతి ప్రశ్నా రాయండి

పుస్తకంలో నాలుగు గడులు గీయండి: టైము, అడిగిందెవరు, ఏం అడిగారు, మీరేం చెప్పారు. పనివాళ్లు అడిగినవి, ఫోన్లో ఖాతాదారులు అడిగినవి, ఇంటి నుంచి అడిగినవి అన్నీ రాయాలి. "ఈ పైపు ఎంతకియ్యమంటారు", "ఆయనకు ఉద్దెర రాయమంటారా", "పుట్టీ అయిపోయింది, చెప్పమంటారా", "డబ్బులు పడ్డాయా సార్" ఇలా వాళ్ల మాటల్లోనే.

ఈ వారంలో ఏదీ సరిచేయొద్దు, రాయడమే పని. రాత్రి కూర్చుని గుర్తున్నవి రాస్తే కుదరదు. రోజుకు ఇరవైసార్లు అడిగే చిన్న ప్రశ్నలే ముందు మరుపుకొస్తాయి, మిమ్మల్ని కట్టిపడేసేవి కూడా అవే. మేస్త్రీలకు బట్వాడా ఇచ్చే శనివారం తప్పకుండా ఆ వారంలో ఉండాలి.

వారం చివర ప్రశ్నలను ఆరు కట్టలుగా విడదీయండి: రేటు, అరువు, సరుకు, డబ్బు, వాపసు, మిగతావి. ఏ కట్ట పెద్దదో దాని అడుగుకు ఎక్కువ సమయం కేటాయించండి. చాలా కొట్లలో మొదట నిండేవి రేటు, అరువు కట్టలే.

2. డబ్బు పడిందో లేదో కౌంటర్లోనే తెలియాలి

ఒక్కరోజులో అయిపోయే పని కాబట్టి ఇది ముందు చేయండి. క్యూఆర్ మీ సొంత నంబరుకు కలిపి ఉంటే 60 రూపాయల మేకుల పొట్లానికి కూడా కుర్రాడు మీకు ఫోన్ చేయాలి. మీరు ఎత్తకపోతే ఖాతాదారు అక్కడే నిలబడతాడు. లేదా కుర్రాడు స్క్రీన్‌షాట్ చూసి పంపించేస్తాడు. స్క్రీన్‌షాట్‌ను తేలిగ్గా తయారు చేయొచ్చు కాబట్టి దాన్ని రసీదుగా ఎప్పుడూ ఒప్పుకోవద్దు.

కరెంటు ఖాతాకు వ్యాపారి క్యూఆర్ తీసుకోండి. మెసేజీలు కొట్టు ఫోనుకు రావాలి, సౌండ్‌బాక్సు కౌంటరు మీద ఉండాలి. పనివాళ్లకు చెప్పాల్సింది రెండే మాటలు: బాక్సు పలకాలి, లేదా కొట్టు ఫోన్లోని యాప్‌లో ఆ మొత్తం కనపడాలి. రెండూ కాకపోతే సరుకు కౌంటరు దాటకూడదు. నెట్‌వర్కు పోయిన రోజు 500 లోపు నగదే అడగమనండి, పెద్ద మొత్తమైతే ఖాతాదారు ఫోన్లో కనపడే లావాదేవీ నంబరు బిల్లు మీద రాసుకుని, సిగ్నల్ వచ్చాక యాప్‌లో సరిచూసి సరుకు పంపమనండి.

గోడ మీద పాత క్యూఆర్ స్టిక్కరు వదిలేయడం అందరూ చేసే పొరపాటు. సగం డబ్బు ఇంటి ఖాతాకు, సగం కొట్టు ఖాతాకు పోతుంది. పాతది చింపేయండి. అప్పుడప్పుడు పొద్దున్నే ఒక రూపాయి పంపి ఏ ఖాతాలో పడిందో చూడండి. మీ క్యూఆర్ మీద ఎవరైనా వేరే స్టిక్కరు అంటించినా అప్పుడే తెలుస్తుంది.

3. ఇంటి డబ్బు, కొట్టు డబ్బు విడదీయండి

గల్లాలో ఉన్నదంతా లాభం కాదు. ఈ మాట అందరికీ తెలుసు, అయినా పిల్లల ఫీజు రోజున గల్లానే తెరుస్తాం. ముందు కొట్టుకు నిజంగా ఎంత మిగులుతోందో కట్టండి.

నెల మొదట్లో ఉన్న సరుకు + నెలలో కొన్నది − నెలాఖరున మిగిలినది = అమ్మిన సరుకు ఖరీదు. అమ్మకంలోంచి దీన్ని తీసేస్తే వచ్చేది స్థూల లాభం. అన్నీ కొన్న ధరకే కట్టాలి. మామూలు జీఎస్టీ పద్ధతిలో ఉన్నవాళ్లు కొనుగోళ్లూ అమ్మకాలూ జీఎస్టీ తీసేసి లెక్కేయాలి. కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకం మీద చిన్న శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవాళ్లకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ ఖర్చే, దాన్ని కలపాలి.

ఒక లెక్క చూడండి. నెలకు 7,00,000 అమ్మకం, అందులో స్థూల లాభం 14 శాతం అనుకుంటే 98,000. అద్దె 12,000, జీతాలు 39,000, కరెంటు 3,500, హమాలీ, ఆటో 5,500, అకౌంటెంటు, ఫోను, చిల్లర ఖర్చులు 3,000. మొత్తం 63,000. మిగిలేది 35,000. అప్పు మీద వడ్డీ ఉంటే ఇందులోంచే కట్టాలి. ఇక్కడ యజమాని ఇంటికి 45,000 తీసుకుంటున్నాడనుకోండి, నెలకు 10,000 సరుకు పెట్టుబడిలోంచి పోతోంది. ఏడాదికి 1,20,000. ఆ సంగతి గల్లాలో కనపడదు. డీలరు బాకీ పెరగడంలో, అరలు ఖాళీ కావడంలో కనపడుతుంది. అప్పుడు అమ్మకాలు తగ్గాయని పనివాళ్ల మీద కోపం వస్తుంది.

చేయాల్సింది: మిగులులో 70 శాతానికి మించకుండా మీకు మీరే జీతం కట్టుకోండి. పై లెక్కలో 24,500. నెలకు ఒకసారి, ఒకే తేదీన, కరెంటు ఖాతా నుంచి ఇంటి ఖాతాకు పంపండి. ఇంటికి అంతకంటే ఎక్కువ కావాలంటే ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. ఒక్కసారిగా తగ్గించడం కుదరకపోతే మూడు నెలల్లో మెట్లు మెట్లుగా తగ్గించండి.

ఇంటికి తీసుకెళ్లిన సరుకు కూడా కొన్న ధరకు పుస్తకంలో రాయాలి. సొంత వాడకానికి తీసుకున్న సరుకు మీద ఐటీసీ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే వీలు) వాడుకోకూడదని అకౌంటెంటుకు చెప్పండి.

రాత్రి గల్లా లెక్క ఇలా: పొద్దున ఉన్న చిల్లర + నగదు అమ్మకం + నగదుగా వచ్చిన పాత బాకీలు − నగదు ఖర్చులు − బ్యాంకులో కట్టింది = గల్లాలో ఉండాల్సింది. యజమాని వంద తీసుకున్నా చీటీ రాసి గల్లాలో వేయాలి. ఈ ఒక్క నియమం మీరు పాటించకపోతే, తేడా వచ్చిన రోజున ఎవరినీ అడిగే హక్కు ఉండదు. తేడాను జీతంలోంచి కోయొద్దు. కోస్తే తేడాలు తగ్గవు, దాచడం మొదలవుతుంది.

4. రేట్లను నోట్లోంచి కాగితం మీదికి తేవాలి

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. కొట్లో మూడువేల రకాలున్నా మొత్తం రాయబోవద్దు. గత మూడు నెలల బిల్లులు తీసి, ఎక్కువ డబ్బు తెచ్చే వంద రకాలు ఏరండి. ఒక్కోదానికి మూడు రేట్లు రాయండి:

- బోర్డు రేటు: కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పేది
- మేస్త్రి రేటు: ప్లంబరు, ఎలక్ట్రీషియను, పెయింటరు, కాంట్రాక్టరుకు
- ఆఖరి రేటు: దీని కింద ఎవరూ, మీరు కూడా, ఇవ్వకూడనిది

కొన్న ధర పనివాళ్లకు తెలిసిపోతుందని చాలామంది భయం. చెప్పనక్కర్లేదు, ఆఖరి రేటు చెబితే చాలు. మేస్త్రికి ఇచ్చే కమీషన్ ఉంటే అదీ షీటులో రాయండి. ఆఖరి రేటుకు ఇచ్చి దాని మీద మళ్లీ కమీషన్ ఇస్తే ఆ బిల్లు నష్టమే. కమీషన్ ఉన్న బిల్లుకు ఆఖరి రేటు వర్తించదని అక్కడే రాసి ఉంచండి.

తగ్గింపు ఎంత తింటుందో పనివాళ్లకు ఒకసారి కూర్చోబెట్టి చూపించండి. 100కి కొని 120కి అమ్మితే లాభం 20. ఇది కొన్న ధర మీద 20 శాతం, అమ్మిన ధర మీద 16.67 శాతమే. 120 మీద 10 శాతం తగ్గిస్తే 108. లాభం 8. అంటే పది శాతం తగ్గింపు లాభంలో అరవై శాతం తీసుకెళ్లింది. ఆ 20 మళ్లీ రావాలంటే ఒకటి అమ్మే చోట రెండున్నర అమ్మాలి. 5 శాతంతో ఆగితే లాభం 14. "ఓ పది పర్సెంటేగా" అనే మాట ఆ రోజుతో ఆగిపోతుంది.

రాగి తీగ, పీవీసీ పైపు లాంటి వాటి ధరలు తరచూ మారతాయి. షీటు పైన తేదీ వేయండి, ప్రతి సోమవారం పొద్దున మార్పులు రాయండి, పాత షీటు చింపేయండి. రేటు కట్టేటప్పుడు పాత కొనుగోలు ధర చూడొద్దు, మళ్లీ కొనాలంటే ఎంతవుతుందో చూడండి. 1,500కి కొన్న వైరు కాయిల్‌ ఇప్పుడు డీలరు దగ్గర 1,650 అయితే, 1,600కి అమ్మినవాడికి వంద లాభం వచ్చినట్టు అనిపిస్తుంది. అదే కాయిల్ మళ్లీ అరలో పెట్టాలంటే చేతి నుంచి 50 వేసుకోవాలి.

ఇక అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే తప్పు. కుర్రాడు 840 చెప్పాడు. ఖాతాదారు మీకు ఫోన్ చేశాడు. మీరు మొహమాటానికి "సరే 810 ఇవ్వు" అన్నారు. మీకు పోయింది 30 రూపాయలు కాదు. కౌంటర్లో ఉన్నవాడి మాటకు విలువ లేదని ఆ ఖాతాదారుకు తెలిసిపోయింది, ఇక జన్మలో ఆయన కుర్రాడితో బేరం చేయడు. కుర్రాడు కూడా మరుసటి రోజు నుంచి రేటు చెప్పడం మానేసి "సార్‌ని అడగండి" అంటాడు. అలాంటి ఫోను వస్తే చెప్పాల్సిన మాట ఒక్కటే: "ఆయన చెప్పిందే మా రేటండీ." తగ్గించాల్సిన అవసరం నిజంగా ఉంటే తర్వాత షీటులోనే అందరికీ తగ్గించండి.

సరిచూడడం: శనివారం రాత్రి వారం బిల్లులు తిరగేసి ఆఖరి రేటు కంటే తక్కువకు ఇచ్చినవి వేరు చేయండి. ప్రతి బిల్లు మీద ఇచ్చినవాళ్ల పొట్టి సంతకం ఉండాలి. మొదటి వారాల్లో అలాంటి బిల్లుల మీద ఎక్కువగా మీ సంతకమే ఉంటే ఆశ్చర్యపోవద్దు. నాలుగో వారానికి అవి సున్నాకు రావాలి.

5. అరువుకు గీత గీయండి

మన ఊళ్లలో అరువు లేకుండా హార్డ్‌వేర్ కొట్టు నడపడం కష్టం. పూర్తిగా ఆపమనడం తెలివైన సలహా కాదు. కానీ బయట 4,00,000 ఉండిపోతే, నూటికి రెండు రూపాయల వడ్డీ లెక్కన నెలకు 8,000 ఖర్చు. 14 శాతం లాభం మీద చూస్తే సుమారు 57,000 రూపాయల అమ్మకం మీద వచ్చిన లాభం మొత్తం దానికే పోతోంది.

ముందు ఉన్న బాకీలన్నీ నాలుగు వరసలుగా రాయండి: 30 రోజుల లోపు, 31 నుంచి 60, 61 నుంచి 90, 90 దాటినవి. బిల్లు తేదీ నుంచి లెక్కపెట్టాలి, ఆయన చివరిసారి కొంత కట్టిన తేదీ నుంచి కాదు. నెలకు రెండువేలు విదిలిస్తూ లక్ష బాకీ నిలబెట్టుకునేవాళ్లు ఇక్కడే బయటపడతారు.

తర్వాత ఒక్కొక్కరికీ పరిమితి. సగటున నెలకు 40,000 సరుకు తీసుకుని 30 రోజుల్లో కట్టేవారికి 40,000. గడువు 45 రోజులైతే 60,000. కొత్తవాళ్లకు మొదటి మూడు కొనుగోళ్లు నగదే. పేరు, పరిమితి, గడువు, ఇప్పటి బాకీ రాసిన కాగితం కౌంటరు లోపలి వైపు ఉండాలి, అవతలివాళ్లకు కనపడకుండా. పరిమితి లోపల అరువు రాయడానికి పనివాళ్లు మిమ్మల్ని అడగనక్కర్లేదు. దాటితే మీరు కూడా ఇవ్వకూడదు.

పరిమితి దాటినవాళ్లను తిప్పి పంపేయకుండా ఒక దారి ఉంచండి: ఇప్పుడు తీసుకునే సరుకు విలువంత పాత బాకీ కడితే కొత్తది ఇస్తారు. బాకీ పెరగదు, మనిషీ పోడు. కట్టిన డబ్బును ఎప్పుడూ పాత బిల్లుకే జమ వేయండి, ఆ సంగతి రసీదు మీద రాయండి.

గొడవలు ఎక్కువగా వచ్చేది సైటు దగ్గర దించిన సరుకుతోనే. మేస్త్రి ఫోన్ చేస్తాడు, ఆటోలో పంపుతారు, అక్కడున్న కూలీ దించుకుంటాడు. రెండు నెలల తర్వాత ఇంటి యజమాని "నేను చెప్పలేదు, మేస్త్రిని అడుక్కోండి" అంటాడు. ప్రతి డెలివరీ చీటీ మీద ఆర్డరు ఎవరు చెప్పారు, ఎవరి ఖాతాలో రాయాలి, ఆటో నంబరు, దించుకున్నవారి పేరు, సంతకం ఉండాలి. చీటీ ఫోటో అదే రోజు ఖాతాదారు వాట్సాప్‌కు వెళ్లాలి. ప్రతి నెల ఒకటో తేదీన బాకీ వివరం పంపండి.

గుర్తుంచుకోవాల్సిన చట్టం ఒకటి. సరుకు అమ్మిన బాకీ కోసం దావా వేయడానికి మూడేళ్లే గడువు. ఆ లోపల బాకీదారు బాకీ ఒప్పుకుంటూ రాసి సంతకం పెడితే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. పెద్ద బాకీలకు ప్రతి మార్చి 31న "మీకు నేను ఇంత ఇవ్వాలి" అన్న కాగితం మీద సంతకం తీసుకోవడం అలవాటు చేసుకోండి.

మీరు కొట్టు కాకుండా తయారీ యూనిటో సర్వీసో నడుపుతూ కంపెనీలకు ఇస్తుంటే ఇంకో ఆసరా ఉంది. ఉద్యం (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ చేసుకున్న సూక్ష్మ, చిన్న సంస్థకు కొన్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెల నెలా చక్రవడ్డీ అడగొచ్చు, చిన్న సంస్థల బాకీల కోసం ఉన్న ప్రభుత్వ పోర్టల్లో ఫిర్యాదు చేయొచ్చు. ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం. ప్రభుత్వ పోర్టల్లోనే చేసుకోండి, రుసుము అడిగే సైట్లు ప్రభుత్వానివి కావు. కొని అమ్మే వ్యాపారులకు ఉద్యం ఉన్నా ఈ 45 రోజుల రక్షణ రాదు, బ్యాంకు అప్పుల్లో ప్రాధాన్యం వరకే పనికొస్తుంది.

6. సరుకు అయిపోతోందని అరలే చెప్పాలి

ఎంత మిగిలినప్పుడు మళ్లీ ఆర్డరు పెట్టాలో ఇలా కట్టండి: రోజూ అమ్మేది × సరుకు రావడానికి పట్టే రోజులు, దానికి సగం అదనం. రోజుకు 4 వైట్ సిమెంటు బస్తాలు అమ్ముడై, డీలరు నుంచి రావడానికి 3 రోజులు పడితే 12, దానికి 6 కలిపితే 18. దొంతరలో కింది నుంచి 18వ బస్తా మీద ఎర్ర అట్ట పెట్టండి. పై బస్తా తీసి అట్ట చూసినవాళ్లు దాన్ని తెచ్చి గోడకు తగిలిస్తారు. సాయంత్రం ఆరింటికి గోడ మీదున్న అట్టలే మరునాటి ఆర్డరు. మొదట ఇరవై రకాలకు చాలు. ఎర్ర అట్ట తీసి పక్కన పడేస్తే మొత్తం పద్ధతి పోతుంది కాబట్టి సరుకు వచ్చాక అట్ట మళ్లీ దాని స్థానంలో పెట్టించడం ఒకరి పనిగా ఖాయం చేయండి.

డీలర్లు ఇచ్చే స్కీముల దగ్గర యజమానులు ఎక్కువగా పడిపోతారు. పదికి ఒకటి ఉచితం అంటే బాగానే ఉంటుంది. డబ్బా 1,000 అనుకుంటే లాభం 1,000. నెలకు ఒకటే అమ్ముడయ్యే రకమైతే పదకొండు నెలలు పడుతుంది. సగటున 5,000 ఇరుక్కుని ఉంటుంది, నూటికి రెండు లెక్కన వడ్డీ 1,100. ఉచితంగా వచ్చింది వడ్డీకి కూడా చాలలేదు. మూడు నెలల్లో అమ్ముడు పోని సరుకు స్కీములో తీసుకోవద్దు. సిమెంటు మూడు నెలలు దాటితే బలం తగ్గుతుంది, పుట్టీ తేమకు గడ్డకడుతుంది.

ఆరు నెలలుగా కదలని సరుకును ఏరి కొన్న ధరకైనా అమ్మేయండి.

7. ఎవరు ఎంతవరకు నిర్ణయించొచ్చో రాసి అంటించండి

ఒకటో పుస్తకంలో మిగిలిన ప్రశ్నలన్నిటికీ ఇక్కడ జవాబు రావాలి. ఒక నమూనా:

- అడగకుండా చేయొచ్చు, సాయంత్రం చెబితే చాలు: 500 లోపు హమాలీ, ఆటో ఖర్చు. బిల్లు ఉండి, సీలు విప్పని సరుకు 7 రోజుల లోపు వాపసు, 1,000 దాకా.
- పెద్ద పనివాణ్ని అడగాలి: 500 నుంచి 2,000 ఖర్చు, 5,000 లోపు వాపసు, డెలివరీల వరస.
- యజమానినే అడగాలి: కొత్త ఖాతా, పరిమితి మార్పు, కొత్త డీలరు, ఆఖరి రేటు మార్పు.
- ఎవరూ ఒప్పుకోకూడదు: కోసిన వైరు, కోసిన పైపు, మెషీన్లో కలిపిన రంగు వాపసు.

రంగు కలిపే ముందు షేడు నంబరు, డబ్బా సైజు బిల్లు మీద రాసి ఖాతాదారు సంతకం, పూర్తి డబ్బు తీసుకోవాలి. కలిపిన 20 లీటర్ల బకెట్టు ఇంకెవరికీ పనికిరాదు. "రాత్రి లైట్లో వేరేగా ఉంది" అని తెచ్చినప్పుడు ఆ సంతకమే కుర్రాణ్ని కాపాడుతుంది.

పెద్ద పనివాడిగా ఒకరిని ఎంచినప్పుడు జీతం కూడా పెంచండి. బాధ్యత పెంచి జీతం అలాగే ఉంచితే నేర్చుకున్న పనితో పక్క కొట్టుకు వెళ్తాడు, ఆ తప్పు అతనిది కాదు. పని నేర్పేటప్పుడు మొదటి వారం అతను చూడాలి, రెండో వారం మీ పక్కన అతను చేయాలి, మూడో వారం అతనే చేసి సాయంత్రం చెప్పాలి. తప్పు చేస్తే ఖాతాదారు ముందు సరిచేయొద్దు. ఆ బిల్లును అలా పోనిచ్చి రాత్రి మాట్లాడండి.

కొట్లో కూర్చునే అన్నదమ్ములు, బావమరుదులు, కొడుకు కూడా ఈ జాబితాలో ఎక్కడో ఒకచోట ఉండాలి. పేరు లేని ఇంటి మనిషి ఒక మాట, మీరు ఒక మాట చెబితే పనివాళ్లు ఎవరిదీ వినరు.

ఈ అడుగులోనే అకౌంటెంటు పనీ తేల్చేయండి. నెల ముగిశాక 5వ తేదీకల్లా కొనుగోలు, అమ్మకం బిల్లులన్నీ ఆయనకు చేరాలి. నెలనెలా దాఖలు చేసేవాళ్లకు జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరం) గడువు 11, 3బి (పన్ను కట్టే రిటర్ను) గడువు 20. 14న వచ్చే 2బిలో (మీకు రావాల్సిన ఐటీసీ జాబితా) మీ డీలరు బిల్లు కనపడకపోతే వెంటనే డీలరుకు ఫోన్ చేయాలి, అది ఎక్కేదాకా ఆ ఐటీసీ మీకు రాదు.

జీఎస్టీ భయంతో అమ్మకాలనే ఆపుకునేవాళ్లున్నారు. సరుకు అమ్మేవాళ్లకు రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. దాటగానే మామూలు పద్ధతిలోకే వెళ్లాలని లేదు. 1.5 కోట్ల దాకా కాంపోజిషన్‌లో 1 శాతం పన్ను కట్టి ఉండొచ్చు. దానికి షరతులున్నాయి: ఖాతాదారు దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు, ఐటీసీ రాదు, వేరే రాష్ట్రానికి అమ్మకూడదు. మీ దగ్గర కొనేవాళ్లలో ఐటీసీ కావాలనే కాంట్రాక్టర్లు ఎక్కువైతే కాంపోజిషన్ మీకు అడ్డమవుతుంది, మామూలు పద్ధతే మేలు. మీ బిల్లులు చూసి అకౌంటెంటుతో లెక్క కట్టించుకుని తేల్చుకోండి.

8. మీరు లేకుండా పరీక్ష పెట్టండి

పైవన్నీ ఒక నెలైనా నడిచాక మూడు విడతల్లో చేయాలి.

మొదటి విడత నాలుగు గంటలు, మంగళవారమో బుధవారమో. రెండో విడత ఒక పూర్తి రోజు. మూడోది వరసగా మూడు రోజులు, అందులో శనివారం ఉండాలి. మీ ఫోను ఆపొద్దు, కానీ కొట్టు నుంచి వచ్చిన ప్రతి ఫోనూ రాయండి. మధ్యలో మీరు చేసి "ఎలా ఉంది?" అని అడగొద్దు. సీసీ కెమెరా ఉంటే అది చూస్తూ ఫోన్లో ఆజ్ఞలు ఇవ్వడం అసలే వద్దు. అలా చేస్తే మీరు కొట్లో ఉన్నట్టే లెక్క.

వచ్చాక చూడాల్సినవి:

- గల్లా తేడా రోజుకు 50 దాటకూడదు
- ఆఖరి రేటు కంటే తక్కువ బిల్లులు సున్నా
- పరిమితి దాటిన అరువు సున్నా
- అమ్మకం, గత నాలుగు వారాల్లో అదే రోజు సగటుకు 10 శాతం లోపు తేడా
- "లేదు" అని పంపిన సరుకుల జాబితా రాసి ఉండాలి
- ఫోన్లు నాలుగు గంటలకు రెండు, పూర్తి రోజుకు నాలుగు దాటకూడదు

ఏది తప్పిందో దాన్నిబట్టి వెనక్కి వెళ్లండి. గల్లా తేడా వస్తే మూడో అడుగుకు, తక్కువ బిల్లులకు నాలుగుకు, అరువుకు ఐదుకు, "లేదు" జాబితా పెద్దదైతే ఆరుకు. ఫోన్లు ఎక్కువైతే ఆ ప్రశ్నలు ఏడో అడుగులోని కాగితం మీద లేవన్నమాట, వాటిని చేర్చండి. ఒక అంశంలో తప్పితే పనివాణ్ని మార్చే ఆలోచన అప్పుడే చేయకండి. ముందు కాగితం మీద ఆ విషయం స్పష్టంగా ఉందో లేదో చూడండి.

అన్నీ సరిగ్గా ఉండి అమ్మకం మాత్రమే పడిపోతే, పెద్ద ఖాతాదారులు మీతో తప్ప మాట్లాడడం లేదని అర్థం. ఎక్కువగా కొనే ఇరవైమందిని ఏరండి. వాళ్లు వచ్చినప్పుడు పలకరించి, టీ చెప్పించి, బిల్లు మాత్రం పెద్ద పనివాడి చేత వేయించండి. "ఇకనుంచి ఆర్డరు ఈయనకే చెప్పండి, నాకు చెప్పినదానికన్నా ముందే సరుకు వస్తుంది" అని మీ నోటితో చెప్పాలి. కొట్టు నంబరు వాళ్ల ఫోన్లో అక్కడికక్కడే వేయించండి. మీ సొంత నంబరుకు ఆర్డరు చెబితే రాసుకోకుండా కొట్టు నంబరుకు చేయమనండి. మొదట్లో ఒకరిద్దరు నొచ్చుకుంటారు, సరుకు వేళకు అందితే నెలలో అలవాటు పడతారు.

మూడు రోజుల పరీక్ష నెగ్గాక మూడు నెలలకోసారి మళ్లీ పెట్టండి, కొత్త పనివాడు చేరిన నెలలో అదనంగా ఒకటి. దసరా, దీపావళి, సంక్రాంతి ముందు వచ్చే రంగుల గిరాకీలో మాత్రం ఈ పరీక్షలు పెట్టొద్దు. ఆ మూడు నాలుగు వారాలు మీరు ఉండండి. కౌంటర్లో కాకుండా, డెలివరీల దగ్గర.